ఈ జర్మన్ రైతుల పాట నిజంగా 1525 నాటిదేనా?

రైన్‌గట్టు: యూట్యూబ్‌లో ‘విర్ సింట్ డెస్ గేయర్స్ ష్వార్త్సర్ హౌఫెన్’ అనే మార్చింగ్ పాట తగిలింది, మేం గేయర్ నల్లదండు అంటూ మొదలవుద్ది, ఊపు మామూలుగా లేదు. కింద కామెంట్లలో ఒకడు నాజీల పాటంటాడు, ఇంకొకడు కమ్యూనిస్టులదంటాడు, మూడోవాడేమో 1525లో రైతులు ఇదే పాడుకుంటూ కోటల మీదికి పోయారంటాడు. ఏది నిజం? అసలీ గేయర్ ఎవరు?

చరిత్రపిచ్చోడు: మూడోవాడిది ఉత్త గ్యాస్ బ్రో. ట్యూన్ 1919లో ఫ్రిట్జ్ జోట్కే కట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం ఓడిపోయాక గిటార్లేసుకుని అడవుల్లో క్యాంపులు పెట్టే కుర్ర సంఘాలు అక్కడ బాగా ఉండేవి, పాట వాళ్ల నోళ్లలోనే పాకింది. మాటలు చాలావరకు హైన్రిక్ ఫాన్ రేడర్ అనే బవేరియా సైనికాధికారి 19వ శతాబ్దంలో రాసిన పద్యం నుంచి ఎత్తినవి. దొరల మీద జర్మన్ రైతుల తిరుగుబాటు మాత్రం నిజమే. 1525లో మెమ్మింగెన్‌లో రైతులు 12 డిమాండ్లు రాసి అచ్చేయించారు, మా పాస్టర్ని మేమే ఎన్నుకుంటాం, దొరకి మేం కట్టుబానిసలం కాదు, అడవిలో కట్టెలూ ఏట్లో చేపలూ మాకూ కావాలి, ఇంటాయన చచ్చిపోతే ఆ పెళ్లాం పిల్లల దగ్గర మళ్లీ పన్నేంటి అని. ఇందులో గొంతెమ్మ కోరిక ఏముంది చెప్పండి? దానికి దొరలు సైన్యాన్ని దింపి లక్షమంది దాకా చంపారని అంచనా, ప్రొటెస్టెంట్ మతోద్యమం మొదలెట్టిన మార్టిన్ లూథర్ కూడా ఈ రైతుల్ని పిచ్చికుక్కల్లా చంపమనే రాశాడు. పాటలో మఠం కప్పు మీదికి ఎర్రకోడిని ఎక్కించమంటారు చూడు, అంటే కొంప తగలబెట్టమనే.

మేడిపండు: గేయర్ రైతు కాదండీ, పెద్దింటోడు. వ్యూర్‌త్స్‌బుర్గ్ దగ్గర గీబెల్‌ష్టట్ వాళ్లది. రైతుల పక్షాన చేరాడు. కానీ పాటలో కనపడే అగ్గిపిడుగు వేరు, అసలు మనిషి వేరు, ఈయన ఎక్కువగా చేసింది ఊళ్లతో, దొరలతో రాయబారాలు. పాటలో వైన్స్‌బెర్గ్ అనే ఊరు కూడా వస్తుంది, అక్కడ ఈస్టర్ రోజు కౌంట్ హెల్ఫెన్‌ష్టైన్‌ని ఈటెల మధ్య తోలి చంపింది యేక్లైన్ రోర్‌బాక్ అనే ఇంకో రైతు నాయకుడి మనుషులు, గేయర్ కాదు. గేయర్‌ని 1525 జూన్‌లో రింపార్ దగ్గర అడవిలో చంపేశారు, చంపింది శత్రుసైన్యం కాదు, సొంత బావమరిది నౌకర్లే! హీరోని చేసింది 1840ల్లో త్సిమ్మర్‌మన్ రాసిన చరిత్ర, మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ దాన్ని పట్టుకునే 1850లో తన పుస్తకం రాశాడు.

రైన్‌గట్టు: థాంక్సండీ. మరి నాజీలు, కమ్యూనిస్టులు ఇద్దరూ ఎలా పాడారు?

బోడిచెట్టు: ఇద్దరూ పాడారు, ఇద్దరూ పేరు కూడా వాడుకున్నారు. నాజీల సాయుధదళం ఎస్ఎస్ వాళ్లు 1944లో గుర్రపుదళం డివిజన్‌కి ఫ్లోరియన్ గేయర్ అని పెట్టారు, యుద్ధం అయ్యాక కమ్యూనిస్టుల తూర్పు జర్మనీ తన బోర్డర్ రెజిమెంట్ ఒకదానికి అదే పేరు పెట్టింది. పాటలో చర్చి మీద కోపం నాజీలకి నచ్చింది, దొరల మీద కోపం కమ్యూనిస్టులకి నచ్చింది. దానికితోడు చివర్లో మేం ఓడి ఇంటికి పోతున్నాం, మా మనవళ్లు గెలుస్తారులే అంటారు కదా, ఇంకేముంది, ఆ మనవళ్లం మేమే అని ఎవడైనా అనొచ్చు.

జర్మనీలో ఉంటే బాడ్ ఫ్రాంకెన్‌హౌసెన్ పోయిరా అన్నా, మ్యున్‌ట్సర్ అనే పాస్టర్ వెంట నడిచిన రైతులు 1525 మే 15న ఓడిపోయిన గుట్ట అదే. దాని మీద ట్యూబ్కె గీసిన గుండ్రటి పెయింటింగ్ ఉంది, 14 మీటర్ల ఎత్తు, 123 మీటర్ల చుట్టుకొలత. తూర్పు జర్మనీ ప్రభుత్వం తన గొప్ప కోసం వేయించుకుంది, తీరా 1989 సెప్టెంబర్‌లో ఓపెన్ చేస్తే నవంబర్‌లో బెర్లిన్ గోడ పడిపోయింది.