ధరల పుస్తకాలు బేస్‌బాల్ కార్డుల సరదాని చంపేశాయా?

ఎడిసన్_శ్రీను
మొన్న శనివారం మావాడికి బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ కొనిచ్చాను. పదకొండేళ్ల వెధవ. చించాడు, కార్డు బయటికి లాగాడు, బొమ్మలో ఎవరున్నారో చూడనైనా చూడకుండా ఫోన్లో ఫోటో తీసి రేటు చూశాడు. "డాలర్ కూడా రాదు నాన్నా" అని పక్కన పడేశాడు. ఆ ఆటగాడెవర్రా అంటే భుజాలెగరేశాడు.

ఈ జబ్బు ఎక్కడ మొదలైందా అని కూర్చుని చదివాను. ఇక్కడే అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అని ఒకాయన ఉండేవాడు. విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఒంటినిండా కీళ్లవాతం. ఆయన 1937లో 'కార్డ్ కలెక్టర్స్ బులెటిన్' అని చిన్న పత్రిక పెట్టాడు. అప్పటి సేకరణంతా ఉత్తరాల మీదే నడిచింది: నా దగ్గర ఇది రెండున్నాయి, మీ దగ్గర అది ఉంటే పంపండి, అంతే. 1968లో వచ్చిన 'ద ట్రేడర్ స్పీక్స్' పత్రిక పేరులోనే మార్పిడి ఉంది చూడండి. తర్వాత 1979లో బెకెట్, ఎకెస్ అని ఇద్దరు కలిసి ఏ కార్డు ఎంతో చెప్పే ధరల పుస్తకం వేశారు. 1984 నుంచి బెకెట్ నెలనెలా పత్రికే తెచ్చాడు. అక్కణ్ణుంచి అంతా షేర్ మార్కెట్టే. సరదాని చంపింది ఆ పుస్తకాలేనని నేనంటాను. కాదనేవాళ్లు రండి.

లెక్కల_మాస్టారు
వచ్చాను. మీవాడు ఆటగాడి పేరు అడక్కపోతే బెకెట్‌నంటారేమిటండీ శ్రీనుగారూ!

ఆయన వ్యాపారి కాదు, ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్. దేశంలో ఎవరెవరు ఏ కార్డుని ఎంతకి అమ్ముతున్నారో కనుక్కుని, లెక్కకట్టి అచ్చేశాడు. అంతకుముందు రేటంటే కొట్టువాడి నోటిమాటే. నేను ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో, 1986లో, కాలేజీ పక్కన ఒక కొట్టులో పాత కార్డొకటి ముచ్చటపడి పద్దెనిమిది డాలర్లకి కొన్నాను. అప్పట్లో అది నా వారం రోజుల కూరగాయల డబ్బు. రూమ్మేట్ బెకెట్ పత్రిక తెరిచి చూపించాడు. అందులో ప్రతి కార్డు ఎదురుగా రెండు గళ్లు, హై ఒకటి, లో ఒకటి. నా కార్డుకి హై గడిలో ఉన్నది ఆరు! ఆ పూట తిన్న చారన్నం రుచి ఇంకా గుర్తే. సరదా చంపింది పత్రికా, ఆ కొట్టువాడా?

పాతకాగితం
మాస్టారి చారన్నానికి నా సానుభూతి. కానీ శ్రీనుగారి కథలో ఒక పెద్ద చిల్లుంది. మీరు దేవుణ్ణి చేస్తున్న ఆ బర్డిక్ కూడా ధరలు వేశాడండీ. 1939లో ఆయన తెచ్చిన కేటలాగే 1946 నుంచి 'అమెరికన్ కార్డ్ కేటలాగ్' అయింది. అందులో హోనస్ వాగ్నర్ అనే పాతకాలపు ఆటగాడి కార్డుకి కట్టిన వెల 50 డాలర్లు. ఆ రోజుల్లో అది చూసి నవ్వుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. 2022లో అదే కార్డు ఒకటి డెబ్భై రెండున్నర లక్షల డాలర్లకి చేతులు మారింది.

అయితే ఆయన చేసిన అసలు పని వెల కట్టడం కాదు, పేరు పెట్టడం. సిగరెట్ కంపెనీలు 1909 నుంచి 1911 దాకా పెట్టెల్లో పెట్టి పంచిన ఆ తెల్ల అంచు కార్డుల్ని ఆయన టీ206 అన్నాడు. టీ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డు, ఎన్ అంటే పందొమ్మిదోది, ఈ అంటే పాత మిఠాయి కార్డు, ఆర్ అంటే తర్వాత వచ్చిన మిఠాయి, చూయింగ్ గమ్ కార్డు. ఇవాళ లక్షల డాలర్ల వేలంపాటల్లో పలికేది కూడా ఆ ఫ్యాక్టరీ మనిషి పెట్టిన పేరే.

ఒక సెట్టులో ఎన్ని కార్డులున్నాయో కంపెనీ చెప్పేది కాదు. 1933 గౌడీ గమ్ సెట్టే తీసుకోండి. 105 ఉంది, 107 ఉంది, 106 లేదు. పిల్లలు దాని కోసం గమ్ కొని నమిలీ నమిలీ దవడలు నొప్పెట్టించుకున్నారు. ఉండుంటే కదా దొరకడానికి! గట్టిగా ఉత్తరాలు రాసి అడిగినవాళ్లకి 1934లో లాజోయ్ అనే ఆటగాడి బొమ్మతో ఆ 106 పోస్టులో పంపారు. ఇలాంటి కూపీలు లాగడమే తొలినాటి పత్రికల పని.

గోళీసోడా
పిల్లల బొమ్మలకి ఇంత చర్చా! మా ఊళ్లో సిగరెట్ పెట్టెలు చించి ఆడేవాళ్లం. చార్మినార్‌కి విలువ తక్కువ, గోల్డ్ ఫ్లేక్‌కి ఎక్కువ, ఫారిన్ పెట్టె దొరికినోడే ఆ రోజుకి రాజు. మాకు ఏ బెకెట్ వచ్చి చెప్పాడు రేట్లు?

ఎడిసన్_శ్రీను
గోళీసోడాగారూ, దెబ్బ బాగానే కొట్టారు. కానీ మీ వీధి రేటు పక్క వీధిలో చెల్లేదా? ఎవడైనా గోల్డ్ ఫ్లేక్ పెట్టెలు దాచి ఇంజనీరింగ్ ఫీజు కడదామనుకున్నాడా? ఇక్కడ అదే జరిగింది. దేశమంతటికీ ఒకటే రేటు అచ్చులో కనిపించేసరికి పెద్దవాళ్లు పెట్టెలకి పెట్టెలు కొని, పిల్లల చదువులకని అటకెక్కించారు. కంపెనీలు అందినకాడికి గుద్ది వదిలాయి. ఇప్పుడు 1990 నాటి కార్డులు ఊరికే ఇస్తానన్నా తీసుకునే నాథుడు లేడు. మా కొలీగ్ గ్యారేజీలో పద్నాలుగు పెట్టెలున్నాయి, వాళ్లావిడ రోజూ దెప్పుతుంది.

పాతకాగితంగారూ, బర్డిక్ ధరల సంగతి నాకు తెలీదు. అది ఒప్పుకుంటున్నా.

లెక్కల_మాస్టారు
గుద్దింది కంపెనీలండీ, పత్రిక కాదు. 1980 దాకా టాప్స్ కంపెనీదే గుత్తాధిపత్యం. కోర్టు తీర్పు వచ్చాక 1981లో ఫ్లీర్, డాన్‌రస్ దిగాయి, తర్వాత ఇంకొందరు. పోటీ పడి అచ్చేశారు.

వెల పెరగడం కూడా పుస్తకం చేతిలో లేదు. 1952 టాప్స్ కార్డులు అమ్ముడుపోక గోడౌన్‌లో మూలుగుతుంటే, 1960లో ఆ కంపెనీలో పనిచేసే సై బెర్గర్ వాటిని పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఆయనే చెప్పిన మాట ఇది. ఆ సెట్టులోని మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవయ్యారు లక్షల డాలర్లు పలికింది. మిగిలినవి చేపలపాలయ్యాయి కాబట్టి ఆ రేటు.

పాతకాగితం
సరే, చివరిది కూడా వినండి. బర్డిక్ తన కార్డులన్నీ 1947 నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తూ వచ్చాడు. మొత్తం మూడు లక్షల పైచిలుకు, అందులో బేస్‌బాల్‌వి ముప్పై వేలు దాటాయి. ఇచ్చి ఊరుకోలేదు. వంగని వేళ్లతో, మ్యూజియం వాళ్లిచ్చిన బల్ల దగ్గర కూర్చుని ఆల్బమ్‌లలో ఒక్కొక్కటీ జిగురు పెట్టి తనే అతికించాడు. 1963 జనవరి 10న పని ముగించి, ఇక రానని చెప్పి వెళ్లాడు. మర్నాడు ఆస్పత్రిలో చేరాడు, మార్చిలో పోయాడు. కార్డుకి వెల కట్టిన మనిషే దాన్ని మళ్లీ అమ్మకానికి పనికిరాకుండా అతికించేశాడు. శ్రీనుగారూ, దీన్ని మీ వాదనలో ఏ గడిలో వేస్తారు?

లెక్కల_మాస్టారు
జిగురా! వెనకవైపు అచ్చు ఎలా చదువుతారు మరి? నాకైతే కడుపు తరుక్కుపోతోంది.

ఎడిసన్_శ్రీను
ఏ గడిలో వెయ్యాలో తోచక మావాడికే చదివి వినిపించాను. మొత్తం విన్నాడు, మధ్యలో ఫోన్ కూడా పక్కన పెట్టాడు. ఆఖర్న ఒక్కటే అడిగాడు (గ్రేడంటే కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి వేసే మార్కు లెండి): "జిగురు అంటితే గ్రేడ్ ఎంతొస్తుంది నాన్నా?"