వనపర్తి రోడ్ స్టేషన్‌కు మదనాపురం పేరు పెట్టాలా, వద్దా?

మదనాపురం మనిషి: స్టేషన్ ఉన్నది మా ఊర్ల. పసుపు బోర్డు మీద రాసింది మాత్రం 'వనపర్తి రోడ్'. వనపర్తి పోవాలంటే కొత్తకోట గూడ దాటాలె. 2016ల మాది మండలం అయింది, ఇంకా పక్కూరి పేరు మోసుడు ఎందుకు? అర్జీ పెడదామనుకుంటున్న. మీరేమంటరు?

కోటకాడి పోరడు: ఏందన్నా, మా వనపర్తి పక్కూరా? సంస్థానం అది. పేరు ఉన్నకాడ ఉండనియ్యి.

రిటైర్డ్ గార్డు: ముందు 'రోడ్' అంటే ఏందో తెలుసుకోండి. నిజాం రైల్వే కాలంల పట్నం లైనుకు దూరంగ ఉంటే, ఆ పట్నానికి బాట పట్టే స్టేషన్‌కు 'రోడ్' తగిలించేటోళ్లు. మన హైదరాబాద్–కర్నూలు లైన్లనే ఆలంపూర్ రోడ్ ఉన్నది. భద్రాచలం రోడ్ ఉన్నది కొత్తగూడెంల, ఆడికెళ్లి రాములవారి గుడి దాదాపు నలభై కిలోమీటర్లు. కాబట్టి పేరు తప్పు గాదు.

మదనాపురం మనిషి: అర్థం నాకు ఎరికే సారూ, అవస్థ మీకు ఎరికలేదు. మా అక్క బిడ్డను చూడనీకి కర్నూలు నుంచి వస్తుంటే 'మదనాపురంల దిగుండ్రి' అని చెప్పినం. టికెట్ కాడ ఆ పేరు మీద స్టేషనే లేదన్నరంట. గద్వాలల దిగి, జీపు మాట్లాడుకుని వచ్చేసరికి రాహుకాలం పడ్డది. సంబంధం తప్పిపాయె.

పాలమూరు మామ: తప్పింది పేరుతోటా, రాహుకాలంతోటా?

రిటైర్డ్ గార్డు: కర్నూలు నుంచి వచ్చేటప్పుడు గద్వాల ముందే వస్తది. అక్కడ దిగుడేంది? ఇంకా రెండు స్టేషన్లు కూసుంటే అయిపోవు.

మదనాపురం మనిషి: వాళ్లకు తెలిస్తే గదా సారూ కూసునేది! నేను చెప్తున్నదే అది.

ఆత్మకూరోడు: సరళాసాగర్ ప్రాజెక్టు నిండి సైఫన్లు తెరుచుకుని ఊకచెట్టు వాగు పొంగితే మదనాపురం దారే బంద్ అయితది మాకు. బోర్డు మీద ఏం రాస్తే ఏంది, పోతే గదా చదివేది.

కిరాణం కాక: పేరు మారిస్తే ఏమైతదో ఇంతకుముందే చూసినం. కరోనా అయినంక ప్యాసింజర్‌కు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి 10 రూపాయల టికెట్‌ను 30 చేసిండ్రు. 2024 ఫిబ్రవరిల గాని మళ్ల దిగలే. నాకైతే పేర్లంటేనే భయం.

కోటకాడి పోరడు: నేను హైదరాబాద్‌ల పనిచేస్త. ఊరికొచ్చి రాత్రి బండి దిగితే ఆటోవాళ్లు రెండింతలు అడుగుతరు. ముందు మీ ఆటోలు సక్కగ చేసుకో అన్నా, బోర్డు తర్వాత.

మదనాపురం మనిషి: మా ఆటోవాళ్లను అనకు. అర్ధరాత్రి కొత్తకోట దాకా దించి ఉత్తగ వాపసు వస్తరు వాళ్లు. రాజుల ఊరోడివి గదా, పల్లకి తెప్పించుకో.

కోటకాడి పోరడు: మాటలు మంచిగ రానియ్యి. అసలు సంగతి చెప్పనా? జిల్లా కేంద్రం మాది, ఊర్ల రైలు పట్టా ముక్క లేదు. గద్వాల–మాచర్ల లైన్ మా మీదికెళ్లి పోతదని తాత చెప్పిండు, నాయన చెప్పిండు, ఇగ నేను మా పోరనికి చెప్తున్న. స్టేషన్ బోర్డు మీద మా పేరు కనపడేది ఈడ ఒక్కకాడనే. అది గూడ తుడిచేస్తే రైళ్లల్ల మేం లేనట్టే.

మదనాపురం మనిషి: ఆ బోర్డు ఉన్నన్ని దినాలు 'మీకు స్టేషన్ ఉన్నది గదా' అంటనే ఉంటరు తమ్మీ. ఇంక నా సంగతి చెప్త. కలెక్టరాఫీసు మీకాడ. పెద్ద దవాఖాన మీకాడ. కోటల పాలిటెక్నిక్ మీకాడ. ఏ కాయితం కావాలన్నా బస్సు చార్జీ పెట్టుకుని మీ ఊరికే వస్తం. మా ఊర్ల చెప్పుకోనీకి ఉన్నది ఒక్క స్టేషన్. దాని నెత్తిన గూడ మీ పేరేనా?

పాలమూరు మామ: ఇది రైలు పంచాయితీ గాదు, అన్నదమ్ముల పంపకం.

రిటైర్డ్ గార్డు: అర్జీ స్టేషన్ మాస్టర్‌కు ఇస్తే చాయ్ తాపి పంపుతడు, అంతే. రాష్ట్ర ప్రభుత్వం రాయాలె, కేంద్ర హోంశాఖ సరే అనాలె, అప్పుడుగాని రైల్వే కదలదు. రెండు స్టేషన్లు ఎక్కువ కూసోమన్న మాట మాత్రం వాపస్ తీసుకోను.

మదనాపురం మనిషి: తీసుకోకుండ్రి సారూ. సంబంధం ఎట్లాగూ పోయింది.

కోటకాడి పోరడు: శనివారం రాత్రి వస్తున్న. ఆటో ఎంతుంటదో అడిగి పెట్టు అన్నా.

మదనాపురం మనిషి: ఆటో ఎందుకు, నా బండి మీద కొత్తకోటల దించుత. ఫోన్ చేసి 'మదనాపురంల దిగిన' అనాలె. వనపర్తి రోడ్ అన్నవంటే ఫోన్ పెట్టేస్త.