స్లామ్ డంక్: అనిమే ఆగిన చోటు నుంచి మాంగా ఏ సంపుటంలో ఉంది?

1993–96 నాటి బాస్కెట్‌బాల్ అనిమే (జపనీస్ యానిమేషన్) స్లామ్ డంక్ టీవీ సిరీస్ 101 ఎపిసోడ్లూ చూశాను. హీరో ఆడే షొహోకు స్కూలు జట్టు జాతీయ పోటీల్లో దిగకముందే కథ ఆగిపోయింది. 2022 సినిమా కూడా చూశాను. అందులో జాతీయ పోటీల్లో సన్నో జట్టుతో ఆడే మ్యాచ్ ఉంది, అదీ షొహోకు ఆటగాడు మియాగి వైపు నుంచి. దానికి ముందు తొయొతమా జట్టుతో జరిగే మ్యాచ్ మాత్రం నేను చూడలేదు.

మిగతాది మూలమైన మాంగా (జపనీస్ కామిక్)లో చదువుదామని వెతికితే తలా ఒక నంబరు చెబుతున్నారు. మొదటి ప్రచురణ 31 సంపుటాలు, తర్వాతి జపనీస్ ఎడిషన్లలో ఒకటి 24, ఇంకొకటి 20. ఏ ఎడిషన్ లెక్కో ఎవరూ చెప్పరు! అధ్యాయాల పేర్లు ఎపిసోడ్లతో పోల్చి చూశాను. చివర్లో షోయో, ర్యోనన్ అనే ప్రత్యర్థి జట్లు కలిసి షొహోకుతో ఆడే మ్యాచ్ టీవీ వాళ్లు సొంతంగా కలిపినది కావడంతో అదీ కుదరలేదు.

అనిమే ఓపెనింగ్‌లో కనిపించే, జపాన్‌లోని కామకురాలో ఉన్న ఆ రైల్వే గేటు దగ్గర ఇప్పటికీ జనం ఫొటోలకు ఎందుకు ఎగబడతారో అర్థమైంది కానీ, మొత్తం సెట్ కొనే బడ్జెట్ నాకు లేదు. విడిగా కొనాలి.

31 సంపుటాల ఇంగ్లీష్ ఎడిషన్‌లో, అనిమే చూపించని కథ ఏ సంపుటం నుంచి మొదలవుతుంది?