పెన్నా వరద లెక్కకి ఒక్క మోడల్ చాలదా?

సోమశిల దిగువ: సోమశిల గేట్లు ఎత్తాక నీళ్లు సంగం, నెల్లూరు బ్యారేజీలు దాటి సముద్రంలో కలిసేదాకా లెక్క కట్టాలి. వానకొకటి, నదికొకటి, గేట్లకొకటి కంప్యూటర్ మోడల్ కట్టి అన్నీ కలుపుదామంటుండారు మావాళ్లు. అంత అవసరమా?

కావలి కాలవ: వద్దన్నా. వాన మోడల్లో తప్పు నది మోడల్లోకి పోతది, ఆడ్నించి గేట్లకి. పైగా మూడింటిలోనూ సర్దుబాటు అంకెలుంటాయి. ఏ వరదకైనా ఏదో ఒకటి తిప్పి సరిపెట్టేయొచ్చు. నది పారకానికి సెయింట్ వెనాంట్ సమీకరణాలు 1871 నుంచి ఉండాయి. డ్యాం వదిలే క్యూసెక్కులు ఎట్టాగూ తెలుసు, అవి ఇస్తే చాలు.

గుండ్లకమ్మ గట్టు: మా మల్లవరం కాడ గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. ఆ సమీకరణాల్లో తుప్పుకి చోటేదీ? గేటు ఎత్తితే ఎంత నీరు పోతుందో చెప్తాయిగానీ, గేటు నిలబడతదో లేదో చెప్పవు. దానికి ఫాల్ట్ ట్రీ, అంటే ఏది చెడితే గేటు చెడతదో కొమ్మలుగా గీసే పటం, కావాల్సిందే. గొలుసు తెగితే ఏంది, కరెంటు పోతే ఏంది, రెండూ ఒకేసారైతే ఏంది అని చూసేది అదే.

కావలి కాలవ: ఫాల్ట్ ట్రీ వేయి, కాదన్లేదు. విడిగా పెట్టుకో. ఒకే ప్రోగ్రాంలో కుట్టడం దేనికి? 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది అతుకు కాడే గదా! ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కన ఇస్తే, రెండోది న్యూటన్లనుకుంది. మనకేమో క్యూసెక్కులు, క్యూమెక్కులు, టీఎంసీలు. ఒక క్యూమెక్కంటే, అదే సెకనుకో ఘనపు మీటరంటే, 35 క్యూసెక్కులు, ఆడ పొరబడితే ఊళ్లు మునుగుతాయి.

ఊటుకూరు రేవు: అతుకులన్నీ ఒక రకం కాదు సామీ. సోమశిల డ్యాం నుంచి సంగం దాకా లెక్క ఒకవైపే నడుస్తది, ఫైలు అందిస్తే సరి. నది సముద్రంలో కలిసే మా కాడ అట్టా కుదరదు. పోటు, తుఫాను ఉప్పెన నదిని వెనక్కి నెడతాయి, నది మోడలూ సముద్రం మోడలూ అడుగడుక్కీ అంకెలు మార్చుకోవాల్సిందే. గేట్ల సంగతి వేరు. నది లెక్క సెకన్లలో సాగుతుంటే గేటు కదిలేది ఆర్డరొచ్చినప్పుడే, అప్పుడు అంకె అందిస్తే చాలు. యూనిట్ల భయముంటే 11,574 క్యూసెక్కులు 24 గంటలు మోడల్లో పంపి చూడు. అది ఒక టీఎంసీ. నదిలో ఆగింది, ఇంకింది పోను మిగతాది అవతల తేలకపోతే అతుకు చెడినట్టే.

సోమశిల దిగువ: సరే, పోటు అతుకొక్కటే రెండువైపులా పెడతాం. 2021 నవంబరు వరదతో మోడల్ అంకెలు సరిచేస్తాం.

కావలి కాలవ: సరిచేసి, మళ్లీ 2021నే చూపించి చప్పట్లు కొట్టించుకోవద్దు. 2020 నివర్ వరద అంకెలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి, వాటి మీద నడిపి చూపించండి. అప్పుడు మాట్లాడుకుందాం.