మ్యాప్‌సర్వర్ 8.0: ఓజీసీ ఏపీఐలో కాలువల పేజీ తెరుచుకోవట్లేదు, సాయం కావాలి

గోదావరి డెల్టా తూర్పు, మధ్య, పశ్చిమ కాలువల లేయర్లని మ్యాప్‌సర్వర్ (వెబ్‌లో మ్యాపులు అందించే సాఫ్ట్‌వేర్) 7.6 నుంచి 8.0కి మార్చాం. డేటా ఈపీఎస్‌జీ 32644 అనే కోఆర్డినేట్ల పద్ధతిలో ఉంది. 8.0కి మ్యాప్‌సర్వర్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్ తప్పనిసరి కాబట్టి దాని పాత్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇచ్చాం. అందులోని ఎంఎస్_మ్యాప్_ప్యాటర్న్ (ఏ మ్యాప్‌ఫైళ్లని తెరవనివ్వాలో చెప్పే సెట్టింగ్) కూడా మా మ్యాప్‌ఫైల్ (లేయర్ల వివరాలుండే ఫైల్) ఫోల్డర్‌కి సరిపోతోంది. డబ్ల్యూఎంఎస్ (మ్యాప్‌ని బొమ్మగా పంపే సర్వీసు) బొమ్మ చక్కగా వస్తోంది.

ఓజీసీ ఏపీఐ ఫీచర్స్‌లో (మ్యాప్ డేటాని వెబ్‌లో ఇచ్చే ప్రామాణిక పద్ధతి) జేసన్ (ప్రోగ్రాములు చదివే డేటా రూపం) అడిగితే వస్తోంది, హెచ్‌టీఎంఎల్ (బ్రౌజర్‌లో కనిపించే పేజీ) అడిగితే టెంప్లేట్ (పేజీ నమూనా ఫైల్) ఎర్రర్. టెంప్లేట్ ఫోల్డర్ పాత్ చివర స్లాష్ ఉంది, అపాచీ (వెబ్ సర్వర్) యూజర్‌కి చదివే పర్మిషనూ ఉంది. ఆ పాత్ కాన్ఫ్ ఫైల్ ఎన్వ్ భాగంలోనూ, మ్యాప్‌ఫైల్ వెబ్ మెటాడేటాలోనూ ఉంది. రెండూ వేరైతే దేన్ని తీసుకుంటుంది? ఇంకెక్కడ చూడాలి? శివారు ఆయకట్టు రైతులు ఫోన్లో చూసుకోవాల్సింది ఈ పేజీనే, జేసన్ వాళ్లకి పనికిరాదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.