ఒకే రోజున ఇద్దరు అధ్యక్షులు: ఐవరీ కోస్ట్‌లో 2010 ఎన్నికలు అల్లర్లకు ఎందుకు దారితీశాయి?

ప్రశ్న (అంబాజీపేట, కోకో రైతు)

అందరికీ నమస్కారం. మా కొబ్బరి తోటలో చాలా ఏళ్లుగా కోకోను అంతరపంటగా వేస్తున్నాము. గింజల ధర ఎందుకు పెరిగిందని అడిగినా, ఎందుకు పడిపోయిందని అడిగినా కొనుగోలుదారుల మాట పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దగ్గరే మొదలవుతుంది. ప్రపంచంలో పండే కోకోలో మూడో వంతుకు పైగా ఆ ఒక్క దేశానిదే కాబట్టి కాదనడానికీ లేదు. 2025 అక్టోబరులో అక్కడ ఎన్నికలు జరిగినప్పుడు మా ఊరి పెద్దాయన ఒకరు, "2010లో లాగా మళ్లీ కొట్టుకుంటే మనకు ధర పలుకుతుంది" అన్నారు. ఆ మాటకు నాకు సిగ్గు వేసింది. ఆ ఏడు అక్కడ ఏమి జరిగిందో నాకే సరిగా తెలియదు కనుక ఆయనకు బదులు చెప్పలేకపోయాను. ఒకే రోజున ఇద్దరు అధ్యక్షులుగా ప్రమాణం చేశారని, తరువాత వేల మంది చనిపోయారని మాత్రం చదివాను. ఒకే ఎన్నికకు రెండు లెక్కలు ఎలా వచ్చాయి? తగవు తీర్చే న్యాయస్థానం అక్కడ లేదా? కాకినాడ నుంచి వెళ్లే బియ్యం ఓడలు కూడా అప్పుడు ఆగిపోయాయంటారు, నిజమేనా?

జవాబు 1 (రాజమహేంద్రవరం, విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు)

న్యాయస్థానం ఉన్నది, చిక్కు అక్కడే వచ్చింది. 2010 నవంబరు 28న రెండో విడత పోలింగు జరిగింది. ఒకవైపు అప్పటికే పదేళ్లుగా అధికారంలో ఉన్న లారాన్ గ్బాగ్బో, మరోవైపు మాజీ ప్రధాని అలసాన్ వతారా. ఫలితాలను మూడు రోజుల్లో ప్రకటించవలసిన ఎన్నికల సంఘంలో ఇరుపక్షాల ప్రతినిధులూ సభ్యులే. నవంబరు 30న సంఘం ప్రతినిధి కొన్ని ఫలితాలు చదవబోతుంటే, గ్బాగ్బో పక్షం సభ్యుడు టీవీ కెమెరాల ఎదుటే ఆ కాగితాలు లాక్కుని చింపివేశాడు. గడువు దాటిన తరువాత, డిసెంబరు 2న, సంఘం అధ్యక్షుడు ఐక్యరాజ్యసమితి కాపలా ఉన్న ఒక హోటల్లో కూర్చుని వతారాకు 54.1 శాతం వచ్చిందని ప్రకటించాడు. మరునాడే రాజ్యాంగ మండలి (ఎన్నికల తగవులు తీర్చే అక్కడి న్యాయస్థానం), గడువు ముగిసినందున ఆ ప్రకటన చెల్లదని చెప్పి, వతారాకు బలమున్న ఉత్తరాన ఏడు జిల్లాల ఓట్లను రద్దు చేసి, గ్బాగ్బో 51.45 శాతంతో గెలిచినట్టు తీర్పునిచ్చింది. అలా రద్దయినవి దాదాపు 6 లక్షల ఓట్లు. డిసెంబరు 4న ఇద్దరూ ప్రమాణం చేశారు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం ఆగి చూడాలి. అక్రమాలు ఫలితాన్నే మార్చేంతగా ఉన్నాయని మండలి భావిస్తే, మొత్తం ఎన్నికను రద్దు చేసి 45 రోజుల్లో మళ్లీ జరిపించాలని ఆ దేశపు ఎన్నికల చట్టంలోనే ఉంది. తనకు నచ్చని ప్రాంతపు ఓట్లను మాత్రం తీసివేసి మిగిలినవాటితో విజేతను తేల్చే అధికారం ఎక్కడా లేదు. మండలి అధ్యక్షుడు గ్బాగ్బోకు సన్నిహితుడని అందరికీ తెలుసు. 2011 మే నెలలో, గ్బాగ్బో పట్టుబడిన తరువాత, అదే మండలి అదే అధ్యక్షుడి నోటితో వతారాయే అధ్యక్షుడని ప్రకటించింది. దీనికి నేను వేరే వ్యాఖ్య చేయనవసరం లేదు.

మండలి చేసిన ఈ రెండు ప్రకటనల మధ్య ఐదు నెలల్లో సుమారు 3,000 మంది చనిపోయారు. ఆబిజాన్ నగరంలోని అబోబోలో ఊరేగింపుగా వెళ్తున్న స్త్రీలపై మార్చి 3న కాల్పులు జరిగి ఏడుగురు కన్నుమూశారు. అయితే చంపినది ఒక పక్షమే కాదు. నెలాఖరున పశ్చిమాన దుయెకువే పట్టణం వతారా బలగాల చేతికి చిక్కినప్పుడు అక్కడ వందల మంది హతులయ్యారు. ఏప్రిల్ 11న గ్బాగ్బోను అతని నివాసంలోనే పట్టుకున్నారు. అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2019లో అతనిని నిర్దోషిగా విడిచిపెట్టింది.

జవాబు 2 (కాకినాడ, ఓడ సరుకుల ఏజెంటు వద్ద గుమాస్తా)

మాస్టారు చెప్పినదానికి బియ్యం సంగతి చేరుస్తాను. కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు ఉప్పుడు బియ్యం వెళ్లడం నిజమే, ఆబిజాన్ పేరు మా కాగితాల మీద తరచుగా కనిపించేదే. కానీ 2010లో అల్లర్ల వల్ల ఓడలు ఆగాయన్నది పొరపాటు. బాస్మతి కాని బియ్యం ఎగుమతిపై మన ప్రభుత్వమే 2008లో నిషేధం పెట్టి 2011 సెప్టెంబరులో ఎత్తివేసింది. ప్రభుత్వాల మధ్య ఒప్పందాల మీద వెళ్లిన కొద్ది సరుకు తప్ప, ఆపడానికి ఇక్కడ ఓడలే లేవు.

ఆగినది కోకో. 2011 జనవరిలో వతారా, గ్బాగ్బో చేతికి పన్ను డబ్బు అందకుండా చేయడానికి కోకో ఎగుమతిని నిలిపివేయమన్నాడు. ఆబిజాన్, సాన్ పెద్రో రేవులపై యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది, ఫిబ్రవరిలో పెద్ద బ్యాంకులు తలుపులు మూశాయి. ప్రపంచ మార్కెట్లో కోకో ధర 30 ఏళ్లలో చూడనంతగా పెరిగింది. మీ ఊరి పెద్దాయన గుర్తుపెట్టుకున్నది ఆ ధరనే. అక్కడి రైతుకు మాత్రం గోదాములో సరుకు మిగిలింది, కొనేవాడు లేడు.

జవాబు 3 (అమలాపురం, ఉపాధ్యాయురాలు)

నేను నాలుగు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేశాను కనుక ఒక మాట. పోలింగు ముగిశాక మనం 17సి ఫారంలో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, ఏజెంట్ల చేత సంతకాలు చేయించి, ప్రతులు వారి చేతికి ఇస్తాము. రాత్రి పదింటికి, బస్సు బయట హారను కొడుతుండగా ఆ పని ఎంత విసుగు పుట్టిస్తుందో చేసినవారికే తెలుసు. ఐవరీ కోస్ట్‌లో ఇంకొక అడుగు ముందున్నారు: ఓట్లు పోలింగు కేంద్రంలోనే లెక్కపెట్టి, ఆ పట్టీల ప్రతులు ఇరుపక్షాలకూ, ఐక్యరాజ్యసమితికీ ఇచ్చారు. సమితి ప్రతినిధి సుమారు 20,000 పట్టీలు చూసిన తరువాతే వతారా గెలుపును ధ్రువీకరించాడు. అంటే నిజం ఏమిటో కాగితం మీద ఉన్నది. అయినా రక్తపాతం ఆగలేదు. మన దేశంలో ఓడినవారు 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషను వేస్తారు. ఏళ్ల తరబడి సాగినా, ఆలోగా వీధిలోకి తుపాకులు రావు. లోటు అక్కడి లెక్కలో లేదని నా అభిప్రాయం. అంపైరును ఇరుపక్షాలూ తమవాడిగానో ఎదుటివాడిగానో చూశాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. ఉత్తరాది ఓట్లనే ఎందుకు తీసివేశారో మాత్రం ఇంకా అర్థం కాలేదు.

జవాబు 1 (కొనసాగింపు)

అది మీ పంటతో ముడిపడిన కథే. స్వాతంత్ర్యం తరువాత మొదటి అధ్యక్షుడు హుఫుయే-బ్వాన్యి, భూమి దున్నినవాడిదేనని చెప్పి, ఉత్తరాది నుంచీ, పొరుగున ఉన్న బుర్కినా ఫాసో నుంచీ లక్షల మందిని దక్షిణాది కోకో తోటలకు రప్పించాడు. ధర బాగున్నన్నాళ్లు ఎవరూ ఎవరి ఊరూ అడగలేదు. 1980ల చివర ధర కూలిన తరువాత "అసలు ఐవరియన్ ఎవరు?" అనే ప్రశ్న మొదలై, 1998లో ఐవరీ కోస్ట్ పౌరులకే భూమి హక్కు అనే చట్టం వచ్చింది. కాగితం లేని కౌలుదారు పరిస్థితి మన డెల్టావారికి చెప్పనవసరం లేదు. అక్కడ జాతీయత కాగితం లేకపోతే పొలంతో పాటు ఓటూ పోతుంది. తల్లిదండ్రుల జాతీయతపై సందేహం చూపి వతారాను 2000లో పోటీకే అనర్హుడిని చేశారు. 2002లో ఉత్తరాది తిరుగుబాటుతో దేశం రెండుగా చీలింది. 2005లో జరగవలసిన ఎన్నిక పలుమార్లు వాయిదా పడి 2010కి వచ్చింది. అందుచేత ఆ ఏడు జిల్లాల ఓట్లను రద్దు చేసినప్పుడు, మీరు ఈ దేశంవారే కాదన్న పాత మాటనే అక్కడివారు మళ్లీ విన్నారు.

2025లో నాలుగోసారి గెలిచినది అదే వతారా. ఆ ఎన్నికలో టిజాన్ థియామ్ అనే ప్రధాన ప్రత్యర్థి పేరును జాతీయత విషయంపైనే ఓటర్ల జాబితా నుంచి కోర్టు తీసివేసింది.