‘నాయిస్’కి శబ్దమా, రొదా, హోరా, మోతా?

ప్రశ్న: వెస్ట్ బెర్లిన్ బృందం ఐన్‌స్టుర్జెండే నొయ్‌బౌటెన్ 1981లో తెచ్చిన తొలి ఆల్బమ్ ‘కొల్లాప్స్’ తరహా రికార్డింగ్ మీద వ్యాసం రాస్తున్నాను. ఇనుప రేకులు, గొట్టాలు, డ్రిల్లులే వాయిద్యాలు. ‘నాయిస్’ అన్నచోటల్లా ‘శబ్దం’ అంటే చప్పగా ఉంది. శబ్దం చెదిరి గరగరలాడే ‘డిస్టార్షన్’కి నిఘంటువు ‘వక్రీకరణ’ అంటోంది. ఏం రాయాలి?

జవాబు: ఒక్క మాటతో పని జరగదండీ. మనకు మూడున్నాయి, మూడూ వేర్వేరు పొరలు. శ్రుతి లేకుండా అన్ని స్థాయిలూ కలిసి వచ్చేది హోరు: సముద్రం, గాలి. ఒకే స్థాయిలో తెంపు లేకుండా సాగేది రొద: తుమ్మెదలది, ట్రాన్స్‌ఫార్మర్‌ది (50 హెర్ట్జ్ కరెంటుకి అది 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది). కొట్టాక మిగిలేది మోత. ‘కంచు మోగునట్లు కనకంబు మోగునా’ అన్న వేమన మాట అల్పుడి గురించే అయినా, లోహం సంగతీ అక్షరాలా నిజం. సుమారు 78 పాళ్ల రాగికి 22 పాళ్ల తగరం కలిస్తే గట్టి కంచు. కొట్టిన కదలిక అందులో చాలాసేపు నిలుస్తుంది, మెత్తని బంగారంలో చప్పున చచ్చిపోతుంది.

అందుకే గొట్టాన్ని నేలమీద పెట్టి కొడితే ‘టక్’ తప్ప మోత రాదు. మీటరు గొట్టమైతే రెండు కొసల నుంచీ 22 సెంటీమీటర్ల దగ్గర తాడు కట్టి వేలాడదీయాలి. కొట్టినప్పుడు ఆ రెండు చోట్లే కదలవు కాబట్టి తాడు మోతను మింగదు.

మరో జవాబు: ‘రొద’ అంటే విసుగు ధ్వనిస్తుందని కొందరికి అభ్యంతరం. తుమ్మెదల రొదను కవులు ముచ్చటగానే చెప్పారు, నిస్సంకోచంగా వాడండి.

‘వక్రీకరణ’ మాత్రం చరిత్రకు వదిలేయండి. గొంతు జీరబోతుంది, బొంగురుపోతుంది, స్పీకరు బర్రుమంటుంది: ఇవే డిస్టార్షన్ మెట్లు. తక్కువైతే జీర, ఎక్కువైతే బర్రు. మైకు కుయ్యిమంటే అది ఫీడ్‌బ్యాక్, దీంతో కలపకండి. మిక్సింగులో మంద్ర స్వరాలను కూడా బర్రుమనిపిస్తే అంతా బురదవుతుంది. 50, 70 హెర్ట్జ్ కలిసి వెళ్తే 20, 120 లాంటి కొత్తవి పుడతాయి. ట్రాక్‌కి నకలు తీసి, నకల్లో 120 హెర్ట్జ్ కిందిది ముందు కోసి, దాన్నే బర్రుమనిపించి, అసలు కింద పెట్టాలి.

చేర్పు: రేకుకు పియెజో బిళ్ళ (కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేది) అతికించి రికార్డు చేస్తే ‘మోత పలచగా వచ్చింది’ అంటుంటారు. తప్పు రేకుది కాదు. బిళ్ళ 20 నానోఫారడ్లు, ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు అయితే సుమారు 800 హెర్ట్జ్‌కి కిందున్న స్వరాలు పోనుపోను తగ్గిపోతాయి. 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఇక్కడ ‘పలచన’ అన్న మాట ఎంత చక్కగా కుదిరిందో చూడండి!

ప్రశ్న వేసినవారు: అయితే ‘డ్రిల్లు రొద మీద రేకు మోత’ అని రాయవచ్చా?

జవాబు: డ్రిల్లు గాలిలో తిరిగేటప్పుడు రొదే. గోడలోకి దిగాక ‘బర్రు’ అనండి.